రిపోర్టులో 34 శాతం వచ్చింది, నేను కాపీ కొట్టలేదు. శుక్రవారం గైడ్‌ని కలవాలి

ఎండిన_సిరా
సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను పీజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. విద్యార్థులు లైబ్రరీని ఎందుకు వాడతారు, ఎందుకు మానేస్తారు అన్నది నా ప్రాజెక్ట్. నాలుగు నెలలు కష్టపడ్డాను. 120 మందితో ఒక్కొక్కరిగా మాట్లాడి సమాధానాలు రాసుకున్నాను. పట్టికలన్నీ నేనే వేసుకున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం కాలేజీ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు చెక్ చేశారు. 34 శాతం సిమిలారిటీ, అంటే వేరే రాతలతో పోలిక, వచ్చింది. గైడ్ నుంచి ఒకే ఒక్క మెసేజ్: "పది దాటకూడదు. శుక్రవారం వచ్చి కలువు." అప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నేను దొంగతనం చేయలేదు అని ఎలా నిరూపించుకోవాలి? ఈ మూడు రోజుల్లో ఆ అంకె తగ్గించడానికి దారి ఏమైనా ఉందా?

చివరి_బెంచి
సోమవారం, రాత్రి 11:58

టెన్షన్ పడకండి. మా బ్యాచ్‌లో సగం మందికి ఇలాగే వచ్చింది. పారాఫ్రేజ్ చేసే టూల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పసుపు రంగు పడిన పేరాలన్నీ అందులో వేసి, వచ్చింది తెచ్చి పెట్టేయండి. పోయినేడు నాకు 41 ఉంటే ఒక్క రాత్రిలో 8కి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు.

కోడ్‌గూడు
మంగళవారం, ఉదయం 6:15

ఎండిన_సిరా గారూ, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఇప్పటిదాకా మీ మీద ఉన్నది అనుమానమే. ఆ టూల్ వాడిన క్షణం నుంచి అది నిజమైపోతుంది.

ఆ టూల్స్ ఏం చేస్తాయో చెబుతాను. మాటకు మాట పర్యాయపదం పెడతాయి, అర్థం వాటికి అక్కర్లేదు. 2021లో గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చయిన సైన్స్ పత్రాల్లోనే ఇలాంటి వింత మాటలు పట్టుకున్నారు. వాటికి 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరు పెట్టారు, అంటే చిత్రహింసలు పెట్టిన మాటలు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అని ఉండాల్సిన చోట 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్', 'బిగ్ డేటా' బదులు 'కొలోసల్ ఇన్ఫర్మేషన్', 'బ్రెస్ట్ కేన్సర్' బదులు 'బోసమ్ పెరిల్'. సాఫ్ట్‌వేర్ వీటిని దాటనిచ్చింది. చదివినవాళ్ళు పట్టుకున్నారు. మీ గైడ్ కూడా చదువుతారు కదా. లైబ్రరీ మీద రాసిన రిపోర్టులో 'పుస్తక సేకరణ' బదులు 'సంపుటాల పోగు' లాంటి మాట కనబడితే ఆవిడ ఏమనుకుంటారు?

పాత_చాక్
మంగళవారం, ఉదయం 7:30

అమ్మా, నేను పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇలాంటి రిపోర్టులు వందల్లో చూశాను. ముందు ఒక మాట. 34 అనేది తీర్పు కాదు. నీ రిపోర్టులో ఉన్న మాటల వరుసల్లో 34 శాతం ఇంకెక్కడో కూడా అదే వరుసలో ఉన్నాయి. ఆ అంకెకు ఉన్న అర్థం అంతే. ఈ రంగంలో అందరికీ తెలిసిన టర్నిటిన్ సంస్థ కూడా తమ అంకె గ్రంథచౌర్యాన్ని తేల్చదని, పోలికను మాత్రమే చూపిస్తుందని చెబుతుంది.

ఆ అంకె తగ్గించే ఆలోచన పక్కన పెట్టు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పూర్తి రిపోర్టు పీడీఎఫ్ నీ దగ్గర ఉందా? ఉంటే చివర మూలాల జాబితా ఉంటుంది. ఏ మూలంతో ఎంత శాతం కలిసిందో, నీ రిపోర్టులో ఏ భాగంలో కలిసిందో చూసి ఇక్కడ రాయి. భయం లేకుండా, దాచకుండా రాయి.

ఎండిన_సిరా
మంగళవారం, మధ్యాహ్నం 1:20

సర్, చాలా థ్యాంక్స్. పీడీఎఫ్ ఉంది, కానీ మొదటి పేజీలో ఆ అంకె చూశాక మిగతా పేజీలు తెరవడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడే కూర్చుని లెక్క వేశాను.

రిఫరెన్సుల జాబితా: 9
సర్టిఫికెట్, డిక్లరేషన్, కాలేజీ ఇచ్చిన నమూనా పేజీలు: 4
నేను వాడిన ప్రశ్నావళి (వేరేవాళ్ళు ముందే తయారుచేసింది, వాళ్ళ పేరు రాశాను): 5
నేనే పోయిన సెమిస్టర్‌లో ఇచ్చిన సెమినార్ పేపర్: 3
అరశాతం, ఒక శాతం చొప్పున చాలా చోట్ల: 7
రెండో అధ్యాయంలో ఒకే సమీక్షా వ్యాసంతో: 6

మొత్తం 34. సర్, రిఫరెన్సులు అందరివీ ఒకేలా ఉంటాయి కదా, అవి కూడా లెక్కలోకి వస్తాయా?

ఫుట్‌నోట్
మంగళవారం, మధ్యాహ్నం 2:05

సెట్టింగ్ పెట్టకపోతే వస్తాయి. రిఫరెన్సులు వదిలేయమని, కొటేషన్ మార్కుల్లో ఉన్నవి వదిలేయమని, ఇన్ని మాటల కంటే చిన్న పోలికలు వదిలేయమని చెక్ చేసేవాళ్ళు ముందే ఎంచుకోవాలి. మీవాళ్ళు ఏదీ ఎంచుకోకుండా నేరుగా నడిపినట్టున్నారు. ఒకే ఫైలు ఒక సెట్టింగ్‌తో 34, ఇంకో సెట్టింగ్‌తో 15 చూపిస్తుంది.

నేను రీసెర్చ్ స్కాలర్‌ని. భారతదేశంలో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు మా డిపార్ట్‌మెంటులో గోడకు అంటించి ఉంటాయి. పది శాతం వరకు శిక్ష లేదు, 10 నుంచి 40 ఒక స్థాయి, 40 నుంచి 60 ఇంకో స్థాయి, 60 దాటితే మరోటి. అందరికీ గుర్తుండేవి ఈ అంకెలే. అవే నిబంధనల్లో రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోంచి తీసేయాలని కూడా ఉంది. అందరికీ తెలిసిన విషయాలూ, యాదృచ్ఛికంగా కలిసే మాటలూ వరుసగా 14 పదాల వరకు వదిలేయాలని ఉంది. ఈ భాగం చదివినవాళ్ళు చాలా తక్కువ. మీ గైడ్ చెప్పిన పది ఇక్కడిదే అయితే, ఏవి తీసేశాక పది అన్నది మర్యాదగా అడగండి. అలా అడగడం తప్పు కాదు.

పాత_చాక్
మంగళవారం, రాత్రి 8:45

ఎండిన_సిరా, నీ జాబితా చూశాను. ఒక్కొక్కటీ చెబుతాను.

రిఫరెన్సులు 9, నమూనా పేజీలు 4. వీటి గురించి ఆలోచించనే వద్దు. ఇవి కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి. ప్రశ్నావళి 5. ప్రామాణికమైన ప్రశ్నావళిని మాట మార్చకుండా వాడాలి, మారిస్తే నీ ఫలితాలను ఇతరుల ఫలితాలతో పోల్చలేం. ఎవరిదో చెప్పావు, సరిపోయింది. దాన్ని అనుబంధంలో పెట్టు. చిన్న చిన్నవి 7. "ఈ అధ్యయనం ముఖ్య ఉద్దేశం", "పై పట్టికను బట్టి తెలుస్తున్నదేమనగా" లాంటివే ఎక్కువ ఉంటాయి, ఒకసారి పైపైన చూసుకో. సెమినార్ పేపర్ నీదే, కానీ చదివేవాళ్ళకు ఆ సంగతి తెలియాలి. "ఈ భాగంలో కొంత నేను ఇంతకు ముందు సమర్పించిన సెమినార్ పత్రం నుంచి" అని ఒక వాక్యం రాస్తే చాలు.

మిగిలింది 6. అందరూ 34 చూసి భయపడతారు. నాకు అసలు అడగాలనిపించేది ఈ ఆరు గురించే. ఒకే వ్యాసం, ఒకే అధ్యాయం. ఆ వ్యాసంలో వాక్యం, నీ వాక్యం పక్కపక్కన పెట్టి చూపిస్తావా?

చివరి_బెంచి
మంగళవారం, రాత్రి 9:10

సర్, ఆరు శాతం అంటే పది లోపే కదా. దాన్ని కూడా ఎందుకు తవ్వడం? పాపం, అసలే భయపడుతున్నారు.

పాత_చాక్
మంగళవారం, రాత్రి 9:32

బాబూ, నువ్వు ఆమె మీద దయతోనే అంటున్నావు, అది నాకు తెలుసు. ఇరవై మూలాల నుంచి పోగైన 20 శాతంలో తప్పు ఏమీ లేకపోవచ్చు. ఒకే చోటు నుంచి వరుసగా వచ్చిన 3 శాతం రెండు పేజీల కాపీ కావచ్చు. శుక్రవారం గైడ్ ఆ పేజీ తెరిచి అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు ఇక్కడ, మన మధ్య వెతుక్కోవడమే ఆమెకు మంచిది.

ఎండిన_సిరా
మంగళవారం, రాత్రి 11:15

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, అర్థం తెలిసేలా తెలుగులో చెబుతాను.

వ్యాసంలో: "విద్యార్థులు లైబ్రరీకి రావడానికి ప్రధాన కారణం పుస్తకాలు తీసుకోవడం కాదని, నిశ్శబ్దంగా కూర్చునే చోటు దొరకడమేనని, అందువల్ల లైబ్రరీ పాత్ర గిడ్డంగి నుంచి గదిగా మారిందని చెప్పవచ్చు."

నాది: "విద్యార్థులు లైబ్రరీకి వెళ్ళడానికి ముఖ్య కారణం పుస్తకాలు అరువు తీసుకోవడం కాదని, ప్రశాంతంగా కూర్చునే స్థలం లభించడమేనని, కాబట్టి లైబ్రరీ పాత్ర గిడ్డంగి నుంచి గదిగా మారిందని అనవచ్చు."

ఇలా రెండు పేరాలు ఉన్నాయి. రెండో పేరా చివర బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం ఇచ్చాను. ఇక్కడ టైప్ చేస్తుంటే ఏడుపొచ్చింది సర్. రాసేటప్పుడు ఇది కాపీ అని ఒక్కసారి కూడా అనిపించలేదు. సొంత మాటల్లోనే రాస్తున్నాను అనుకున్నాను. నాకు ఎవరూ వేరేలా నేర్పలేదు.

చివరి_బెంచి
మంగళవారం, రాత్రి 11:30

రచయిత పేరు ఇచ్చారు కదా! ఇంకేం కావాలి? ఒక విషయాన్ని ఎన్ని రకాలుగా చెప్పగలం?

ఫుట్‌నోట్
బుధవారం, ఉదయం 5:50

ఎండిన_సిరా గారూ, మీరు చేసినదానికి పేరుంది. 'ప్యాచ్‌రైటింగ్' అంటారు. రెబెకా మూర్ హోవర్డ్ అనే రచనా బోధకురాలు 1990లలో ఈ మాటను ముందుకు తెచ్చారు. మూల వాక్యం అస్థిపంజరం అలాగే ఉంచి, అక్కడక్కడా మాటలు మార్చి అతుకులు వేయడం. కొత్త రంగంలోకి అడుగుపెట్టినవాళ్ళు, పరాయి భాషలో రాసేవాళ్ళు తెలియకుండా ఇలా చేస్తుంటారనీ, దీన్ని మోసంగా కాక నేర్చుకునే దశగా చూడాలనీ ఆవిడ వాదించారు. నేను ఆవిడతో ఏకీభవిస్తాను. కానీ అది దశ. అక్కడే ఆగిపోకూడదు. రిపోర్టులో అలాగే వదలకూడదు.

చివరి_బెంచి అడిగింది మంచి ప్రశ్న, దానికి సూటిగా జవాబు చెప్పాలి. బ్రాకెట్లో పేరు పెడితే "ఈ సంగతి ఆయన దగ్గర తెలుసుకున్నాను" అని అర్థం. మాటలు కూడా ఆయనవే అని దాని అర్థం కాదు. మాటలు ఆయనవైతే కొటేషన్ మార్కులు ఉండాలి. అవి లేనప్పుడు, ఆ వాక్యాన్ని కట్టింది మీరే అని చదివేవాళ్ళు నమ్ముతారు. 'గిడ్డంగి నుంచి గదిగా' అన్న పోలికే చూడండి. అది ఆ రచయితకు తట్టిన మాట. ఎంత ఆలోచించి ఉంటే తట్టి ఉంటుంది! ఆ ఒక్క ముక్కను కొటేషన్లలో పెట్టి ఆయన పేరు చెబితే మీ రిపోర్టుకూ అందమే, ఆయనకూ గౌరవమే. పైగా మీరు మొదటి పేరాలో ఆయన పేరే చెప్పలేదు, రెండో పేరా చివర చెప్పారు. మొదటి పేరా మీ సొంతం అనుకుంటాం.

ఇక రాయడం ఎలా అంటే, నేను చేసేది ఇది. వ్యాసం చదివాక దాన్ని మూసేస్తాను. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకు, లేకపోతే నాకు నేనే, తెలుగులో గట్టిగా చెప్పుకుంటాను. చెప్పలేకపోతే నాకు అర్థం కాలేదని తెలిసిపోతుంది, మళ్ళీ చదువుతాను. చెప్పగలిగితే, చెప్పినదాన్ని రాస్తాను. ఆ తర్వాతే వ్యాసం తెరిచి తప్పులేమైనా దొర్లాయా అని చూసుకుంటాను. వ్యాసం ఒక కిటికీలో, నా ఫైలు ఇంకో కిటికీలో తెరిచి పెట్టుకుని రాసిన ప్రతిసారీ నేనూ అతుకులే వేశాను. నోట్సు రాసుకునేటప్పుడు ఎవరి మాటలు యథాతథంగా దించుకున్నా వెంటనే కొటేషన్ మార్కులు, పేజీ నంబరు పెట్టేయండి. రెండు నెలల తర్వాత నోట్సు తిరగేస్తే ఏది మీ వాక్యమో, ఏది వాళ్ళదో మీకే గుర్తుండదు. చాలామంది మునిగేది అక్కడే.

కోడ్‌గూడు
బుధవారం, ఉదయం 9:05

యంత్రం వైపు నుంచి కూడా కొంచెం చెబుతాను. ఇది లోపల ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయమూ తగ్గుతుంది, గుడ్డి నమ్మకమూ తగ్గుతుంది.

మీ వ్యాసాన్ని అది చిన్న చిన్న ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి పడేలా కోస్తుంది. ప్రతి ముక్కకూ ఒక సంఖ్య కడుతుంది. వేలిముద్ర అనుకోండి. ఆ వేలిముద్రలను తన దగ్గరున్న గోదాములో వెతుకుతుంది. గోదాములో వెబ్ పేజీలు, జర్నళ్ళు, ఇంతకుముందు విద్యార్థులు ఇచ్చిన పేపర్లు ఉంటాయి. అక్కడ లేనిది దానికి తెలియదు. స్కాన్ కాని పాత పుస్తకం నుంచి ఇరవై పేజీలు దించినా పోలిక లేదనే చూపిస్తుంది.

మా ప్రోగ్రామింగ్ క్లాసుల్లో కోడ్‌ని కోడ్‌తో పోల్చే 'మాస్' అనే సాఫ్ట్‌వేర్‌ని వాడతారు. అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేశారు. వేరియబుల్ పేర్లు మార్చినా, ఖాళీలు, వరుసలు మార్చినా పోలిక పట్టేస్తుంది. నాకు బాగా నచ్చింది ఏంటంటే, తమ పేజీలోనే వాళ్ళు సూటిగా రాశారు: ఇది పోలికను మాత్రమే చూపుతుంది, ఎందుకు పోలిందో దీనికి తెలియదు, చూసి తేల్చాల్సింది మనుషులే అని. టీచర్ అందరికీ ఇచ్చిన కోడ్‌ని లెక్కలోంచి తీసేయడానికి అందులో ప్రత్యేకంగా ఏర్పాటు ఉంది. ఒకసారి మా ల్యాబ్‌లో అది వాడకపోవడంతో క్లాసు మొత్తం దొంగలమైపోయాం. తర్వాత సరిచేశారు, కానీ ఆ వారం రోజులు ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

అచ్చు_హల్లు
బుధవారం, మధ్యాహ్నం 12:40

నాది తెలుగు సాహిత్యం. మా దగ్గర సమస్య పూర్తిగా తలకిందులు. మా సీనియర్ల సిద్ధాంత గ్రంథాలు చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేసినవి, యూనికోడ్ కాదు. తెర మీద మనకు తెలుగు కనిపిస్తుంది కానీ, లోపల సాఫ్ట్‌వేర్‌కి అందేది అర్థం లేని గుర్తుల వరుస. దాన్ని చెక్ చేస్తే సున్నా వస్తుంది. ఆ సున్నా చూసి అందరూ సంతోషిస్తారు. ఆ గ్రంథంలో ఏముందో ఎవరికీ తెలియదు.

యూనికోడ్‌లో ఉన్నా తెలుగు వాక్యం స్వభావం వేరు. 'చదువుతున్నారు' అన్నదాన్ని 'చదువుతూ ఉన్నారు' అంటే మనకు తేడా లేదు, అక్షరాలు పోల్చేదానికి అది వేరే మాట. విభక్తి మారితే, సంధి విడదీస్తే వరుస తెగిపోతుంది. ఇంగ్లీషు పుస్తకం నుంచి పేజీలకు పేజీలు తెలుగులోకి దించి సొంతంగా చెప్పినట్టు రాసినవాళ్ళను నేను చూశాను. మాటలు పోల్చే సాఫ్ట్‌వేర్‌కి అది చిక్కదు. 34 వచ్చిన ఈ అమ్మాయి మూడు రోజులుగా నిద్రపోవడం లేదు. సున్నా వచ్చినవాళ్ళు హాయిగా ఉన్నారు. నాకు ఇదే బాధగా ఉంది.

రెండో_చదువు
బుధవారం, రాత్రి 10:20

నేను పదేళ్ళు ఉద్యోగం చేసి మళ్ళీ కాలేజీలో చేరాను. నాది ఇంకో రకం గొడవ. నా వ్యాసంలో సిమిలారిటీ 4 శాతమే. కానీ ఏఐ గుర్తించే సాఫ్ట్‌వేర్ 78 శాతం యంత్రం రాసింది అంది. నేను ఒక్క వాక్యం కూడా ఏఐతో రాయించలేదు. సిమిలారిటీ రిపోర్టులో కనీసం ఎక్కడ కలిసిందో చూపిస్తారు, పక్కపక్కన పెట్టి వాదించుకోవచ్చు. ఇక్కడ చూపించడానికి ఏమీ లేదు. "అనిపిస్తోంది" అని యంత్రం అంటుంది, మనం కాదని అనాలి. ఆఫీసులో పదేళ్ళు ఉత్తరాలు రాసిన చేయి నాది. చిన్న వాక్యాలు, సూటిగా, అలంకారాలు లేకుండా రాస్తాను. అదే నా నేరమైంది.

ఆ తర్వాత చాలా చదివాను. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక గుర్తింపు సాధనం విడుదల చేసింది. తమ పరీక్షలోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ అని తప్పుగా చెప్పింది. అదే ఏడాది జులైలో దాన్ని తీసేశారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది ఏడు సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షలో రాసిన 91 వ్యాసాలు ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను ఏఐ రాసినవే అన్నాయి. మనలాంటివాళ్ళ గురించే అది! పరాయి భాషలో నేర్చుకున్న కొద్ది మాటలతో జాగ్రత్తగా రాస్తే యంత్రంలా ఉందంటాయి.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో తమ దగ్గర ఏఐ రాతను గుర్తించే సాధనం వాడకం ఆపేసింది. వాళ్ళు చెప్పిన లెక్క నాకు కళ్ళు తెరిపించింది. 2022లో వాళ్ళు 75,000 పేపర్లు చెక్ చేయించారు. ఒక్క శాతమే పొరపాటు అనుకున్నా దాదాపు 750 మంది మీద తప్పుడు ముద్ర పడుతుంది. ఒక శాతం అంటే వినడానికి చిన్నది. ఆ ఒక శాతంలో నేనున్నాను.

నన్ను కాపాడింది నా చిత్తుప్రతులు. గూగుల్ డాక్స్‌లో రాయడం వల్ల ఏ రోజు ఏ వాక్యం రాశానో, ఏది కొట్టేశానో అంతా చరిత్రలో ఉంది. చేతిరాత నోట్సు కూడా ఉంది. రెండు గంటలు కూర్చుని చూపించాను. వదిలేశారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఎండిన_సిరా గారూ, మీ 120 మంది సమాధానాల కాగితాలు ఉన్నాయి కదా, శుక్రవారం సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

పాత_చాక్
గురువారం, ఉదయం 6:40

రెండో_చదువు గారూ, మీ మాటలు రాత్రి చదివాను, తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నేను ఒక సంగతి ఒప్పుకోవాలి.

రెండేళ్ళ క్రితం ఒక విద్యార్థి అసైన్‌మెంటు మీద ఇలాంటి సాధనమే 90కి పైగా చూపించింది. నేను సున్నా మార్కులు వేశాను. పిలిచి అడగలేదు. ఆ అబ్బాయి ఒకసారి నా గది దాకా వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. నేనూ తలెత్తి పిలవలేదు. అతను నిజంగా ఏఐతో రాయించాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. పది నిమిషాలు కూర్చోబెట్టి "ఈ పేరా ఎందుకు ఇలా రాశావు, ఈ మూలం ఎక్కడ దొరికింది" అని అడిగి ఉంటే తెలిసేది. అంకె ఉందన్న ధీమాతో ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నాను. ఇప్పుడు నేను ఏ అంకె వచ్చినా ముందు మనిషిని పిలుస్తాను, తర్వాతే మార్కులు వేస్తాను. కానీ ఆ అబ్బాయికి ఇది దక్కలేదు.

మా వృత్తివాళ్ళు కొందరు ఇంకా దారుణంగా, ఆ వ్యాసాన్నే చాట్‌బాట్‌కి ఇచ్చి "ఇది నువ్వే రాశావా" అని అడుగుతున్నారు. తను ఎవరికి ఏం రాసిచ్చిందో దానికి గుర్తుండదు. ఏది ఇచ్చినా అవునని అనగలదు. అది సాక్ష్యం కాదు.

చివరి_బెంచి
గురువారం, మధ్యాహ్నం 3:15

మూడు రోజుల నుంచి చదువుతున్నాను. మొదటి సలహా ఇచ్చింది నేనే కాబట్టి ఇది చెప్పాలి. పోయినేడు 41ని 8కి తెచ్చాను అన్నాను కదా. ఎవరూ ఏమీ అడగలేదు అన్నాను. కాలేజీలో అడగలేదు నిజమే. తర్వాత ఒక ఇంటర్వ్యూలో నా ప్రాజెక్ట్ తెరిచి, ఒక పేరా చూపించి, ఇది వివరించు అన్నారు. నా పేరు మీద ఉన్న పేరా నాకే అర్థం కాలేదు. టూల్ ఏ మాటను ఏం చేసిందో కూడా తెలియదు. "మర్చిపోయాను" అన్నాను. వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

కానీ ఒకటి అడగాలి సర్. మాకు మొదటి సంవత్సరంలోనే ఎవరైనా ఈ ఫుట్‌నోట్ గారు చెప్పినట్టు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా? "కాపీ కొట్టకండి" అన్నారు. ఎలా రాయాలో చెప్పలేదు. చివరి సెమిస్టర్‌లో ఒక్కసారి సాఫ్ట్‌వేర్ ముందు నిలబెట్టారు. స్కూల్లో గైడ్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే కదా పూర్తి మార్కులు వేశారు.

పాత_చాక్
గురువారం, సాయంత్రం 5:00

నువ్వు అడిగింది న్యాయం. నా దగ్గర సమాధానం లేదు, ఉన్నది బాధ్యత మాత్రమే. ఈ ఏడాది నుంచి మొదటి సెమిస్టర్‌లోనే పిల్లలకు సాఫ్ట్‌వేర్ తెరిచి, వాళ్ళ చిత్తుప్రతి రిపోర్టును వాళ్ళనే చదవమంటున్నాను. మార్కులు లేవు, శిక్ష లేదు. రంగు పడిన ప్రతి చోటా ఎందుకు పడిందో వాళ్ళే నాకు చెప్పాలి.

ఫుట్‌నోట్
గురువారం, సాయంత్రం 6:25

ఒక చిన్న హెచ్చరిక, ఇది చదివే వేరేవాళ్ళ కోసం. అధికారిక చెక్‌కి ముందే బయట ఎవరికైనా డబ్బిచ్చి చెక్ చేయించుకోకండి. వాళ్ళు మీ ఫైలును గోదాములో చేరేలా ఎక్కిస్తే, తర్వాత కాలేజీలో చెక్ చేసినప్పుడు మీ రిపోర్టు మీ రిపోర్టుతోనే కలిసి 90 పైన చూపిస్తుంది. మా జూనియర్‌కి ఇలాగే జరిగింది. రెండూ ఒకటే అని నమ్మించడానికి నెల పట్టింది. చిత్తుప్రతి చెక్ కావాలంటే మీ లైబ్రరీనే అడగండి, గోదాములో చేర్చకుండా చూసే పద్ధతి ఉంటుంది.

ఎండిన_సిరా
శనివారం, ఉదయం 10:10

నిన్న కలిశాను. అందరికీ చెప్పాలని రాత్రే కూర్చున్నాను, కానీ ఒక పని మధ్యలో ఉండిపోయాను. ఆ పని గురించే ఇప్పుడు చెబుతాను.

మేడమ్ గదిలోకి వెళ్ళగానే నేనే ముందు చెప్పేశాను. "మేడమ్, 34లో ఏది ఏమిటో రాసుకొచ్చాను. ఇందులో 6 శాతం నా తప్పు. తెలియక చేశాను, కానీ తప్పే" అన్నాను. పక్కపక్కన పెట్టిన రెండు పేరాలు చూపించాను. ఆవిడ చాలాసేపు చదివారు. 120 మంది కాగితాలు కూడా చూశారు. "నేను మొదటి పేజీ మాత్రమే చూశాను, మిగతావి చూడలేదు" అన్నారు. రిఫరెన్సులు, నమూనా పేజీలు తీసేసి మళ్ళీ చెక్ చేయిస్తామన్నారు. ఆ రెండు పేరాలు తిరగరాసి, సెమినార్ పేపర్ సంగతి ఒక వాక్యంలో చెప్పి బుధవారంలోపు ఇవ్వమన్నారు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి అమ్మకు మొత్తం చెప్పాను.

ఇప్పుడు ఆ పని సంగతి. ఫుట్‌నోట్ గారు చెప్పినట్టు వ్యాసం మూసేసి తెలుగులో చెప్పుకోవడం మొదలుపెట్టాను. "విద్యార్థులు పుస్తకాల కోసం రారు, చోటు కోసం వస్తారు" అని చెప్పగానే, ఏ విద్యార్థులు అన్న ప్రశ్న వచ్చింది. చెప్పలేకపోయాను. వ్యాసం మళ్ళీ తెరిస్తే, అక్కడ అది ఆ రచయిత కనుక్కున్న విషయం కాదు. ఇంకో పాత పత్రం నుంచి తీసుకుని చెప్పారు. రాత్రి ఆ పాత పత్రం సారాంశం వెతికి పట్టుకున్నాను. అందులో అడిగింది హాస్టల్లో ఉండే మొదటి సంవత్సరం విద్యార్థులను మాత్రమే. గది ఇరుకు కాబట్టి లైబ్రరీకి వస్తున్నామని వాళ్ళు చెప్పారు. మధ్యలో ఎక్కడో 'హాస్టల్' అన్న మాట రాలిపోయి 'విద్యార్థులు' మిగిలింది. నేను మాటలు మార్చి ఆ పొరపాటునే నా రిపోర్టులోకి తెచ్చుకున్నాను.

నా 120 మందిలో హాస్టల్ వాళ్ళు 46 మంది. రాత్రి వాళ్ళ కాగితాలు విడిగా తీసి లెక్క మళ్ళీ వేశాను. వాళ్ళలో ఎక్కువమంది చోటు కోసమే వస్తున్నారు. ఇంటి నుంచి వచ్చేవాళ్ళలో మాత్రం పుస్తకాలే మొదటి కారణం. నాలుగు నెలలుగా నా దగ్గరే ఉన్న కాగితాలు, ఈ తేడా నేను చూడనే లేదు. ఇప్పుడు దీనికి కొత్తగా ఒక పట్టిక వేస్తున్నాను.

ఆ పాత పత్రం సారాంశం మాత్రమే నాకు దొరికింది, పూర్తి ప్రతి కావాలి. మా లైబ్రరీలో ఆ జర్నల్ లేదు. ఫుట్‌నోట్ గారూ, మీ యూనివర్సిటీ లైబ్రరీలో పాత సంచికలు ఉంటాయా? వివరాలు మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను.

ఫుట్‌నోట్
శనివారం, ఉదయం 10:35

చూశాను. మా దగ్గర ఆ సంవత్సరం సంచికలు బైండ్ చేసి ఉన్నాయి. సోమవారం లైబ్రరీ తెరవగానే వెళ్ళి తీస్తాను. పేజీ నంబర్లతో సహా పంపుతాను.